రైలుపిల్లల లీడరు

"ఎవర్నడిగి టీసీ అడిగినావు నాయనా?"

హజరా గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పొయ్యి దగ్గర రొట్టె తడుతున్న షంషాద్‌బీ చెయ్యి ఆగిపోయింది. మూలన కూర్చుని వక్కాకు దంచుకుంటున్న అవ్వ కూడా దంచడం ఆపేసింది. బయట కట్టేసిన గుర్రం సుల్తాను మేత నమలడం మానేసి గడప వైపు తల తిప్పింది.

జట్కా ఫకీర్ సాబు మాత్రం తొందరేమీ పడలేదు. తలపాగా విప్పి దుమ్ము దులిపాడు. చెర్నాకోలను గోడకు ఆనించాడు. చెంబుడు నీళ్ళు గటగటా తాగాడు.

"నిన్ను కన్నోణ్ణి. నన్ను నేనే అడిగి పోయినా," అన్నాడు. "హెడ్మాస్టరు సారును కలిసి, మా పాప హిందూపురం పెద్ద స్కూలుకు పోతాది, టీసీ ఇయ్యండి సార్ అన్నా. రేపు శనివారం, మధ్యాన్నం బడి వదిలేటప్పుడు వచ్చి తీసుకోమన్నాడు. ఆదివారం పెండ్లి బాడుగుండాది, సోమవారం ప్యాసింజరు ఎక్కుతాం. అంతే కత."

అంతే కథట! మొన్న ఓట్లు లెక్కపెట్టిన రోజు ఇదే ఫకీర్ సాబు చేసిన హంగామా పెనుకొండ స్టేషన్లో కూలీవాళ్ళు ఇంకా చెప్పుకుని నవ్వుకుంటున్నారు. గుర్రం తలకు బంతిపూలు చుట్టాడు. దిగిన ప్రతి ప్యాసింజర్నీ పట్టుకుని, "మా పాప ఇస్కూలు లీడరయింది సామీ, మొగపిల్లోళ్ళను గెలిచి లీడరయింది" అని చెప్పాడు. ఆ బళ్ళో ఆడపిల్ల లీడరు కావడం అదే మొదటిసారి మరి. అటువంటి మనిషి ఇప్పుడు టీసీ అడిగి వచ్చాడు.

"గుర్రానికి పూలు కట్టింది నీవే కదా?"

"కట్టినా. ఇప్పుడు చెప్పినా కడతా."

"మరి ఇదేంది?"

"లీడరుగిరి ఒక్క ఏడాది, పాపా. చదువు బతుకంతా ఉంటాది."

అవ్వ నోట్లో వక్కాకు వేసుకుని, "ఇంతకీ ఆ లీడరు పనికి జీతమిస్తారా?" అని అడిగింది.

"ఇయ్యరవ్వా."

"ఇయ్యకపోతే పోనీలే. అంత కేకలెందుకు?"

షంషాద్‌బీ కొంగుతో చేతులు తుడుచుకుని కూతురి పక్కన వచ్చి కూర్చుంది. "మీ నాయన నోట మంచిగా చెప్పే అలవాటు ల్యా. నేను చెప్తా ఇను. ఈడ లెక్కల సారు పోయి ఏడాదాయె. కొత్తాయన వస్తాడు, వస్తాడంటారు, యాడొచ్చినాడు? వచ్చే మార్చిలో నీకు పబ్లిక్ పరీక్ష. హిందూపురంలో హసీనా చిన్నమ్మ ఇల్లుండాది, కమలాక్షి టీచరుండాది. సోమవారం ప్రార్థనకు ముందర వచ్చి చేరితే సీటు నీదని టీచరు చెప్పి పంపింది. ఆడ ప్రార్థన మనకంటే ఒక గంట ఎనక. దాటితే ఇంకోళ్ళకు పోతాదంట. నీకు మనసు ల్యాదా చెప్పు."

హజరాకు మనసు లేకేం! అసలు బాధంతా అదే. ఎండాకాలం సెలవల్లో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు పక్కింటి కమలాక్షి టీచరు ఒకే లెక్కను మూడు దారుల్లో చేసి చూపించింది. ఆ సాయంత్రం హజరాకు అన్నం సయించలేదు. లెక్కకు ఇన్ని దారులుంటాయా అనుకుంటూ పెనుకొండ వచ్చేదాకా రైల్లో వేళ్ళ మీద అదే చేసుకుంటూ వచ్చింది. ఇక్కడ ఒంటరిగా పుస్తకం ముందేసుకుని కూర్చుంటే జామెట్రీ ఒక పేజీ దాటి ముందుకు కదలడం లేదు. వెళ్ళాలని ఉంది, చచ్చేంత ఉంది.

కానీ మాట ఇచ్చింది కదా.

"రైలుపిల్లోళ్ళకు ఏం చెప్పల్లమ్మా?" అంది చివరికి.

రైలుపిల్లలంటే మక్కాజిపల్లి వైపు ఊళ్ళ నుంచి ధర్మవరం ప్యాసింజర్లో వచ్చి చదువుకునే పిల్లలు. ఆ ప్యాసింజరు ఎమర్జెన్సీలో నాలుగు రోజులు టైముకు వచ్చిందంటారు గానీ, ఆ తర్వాత మళ్ళీ దాని ఇష్టం దానిదే. స్టేషన్ చూస్తే ఊరికి దూరం. పిల్లలు సంచులు చంకనబెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ప్రార్థన గంట కొట్టేస్తారు. వాచ్‌మన్ అంజనప్ప గేటుకు తాళం వేసేస్తాడు. మొదటి రెండు పీరియడ్లు అయ్యేదాకా వాళ్ళు బయట ఎండలో నిలబడాలి. హాజరు కూడా పోతుంది. 'గేటు తెరిపిస్తా' అన్న ఒక్క మాట మీదనే హజరాకు ఓట్లు పడ్డాయి. 'రూలు రూలే' అన్న లింగప్ప ఓడిపోయాడు. ఇప్పుడు హజరా పోతే, బడి పద్ధతి ప్రకారం ఓట్లలో రెండోవాడైన ఆ లింగప్పే లీడరవుతాడు.

"ఓట్లేయించుకొని వారం తిరక్కుండానే పారిపోయిందంటారు నాయనా. నిజమే కదా?"

"అననీ."

"నిన్నంటే ఊరుకుంటావా?"

షంషాద్‌బీ రొట్టెలు పెట్టింది. చెరకు బండ్ల సంగతులో, రైల్లో ఎవరో పోట్లాడుకున్న సంగతులో చెబుతూ తినే ఫకీర్ సాబు ఆ పూట కంచంలోనుంచి తల ఎత్తలేదు.

చేతులు కడుక్కుని వచ్చి హజరా గోడకానించిన చెర్నాకోల వైపు చూసింది.

"నాయనా, ఒక మాట అడుగుతా. స్టేషన్లో వంతు నీదనుకో. బండి ఇంకా రాలేదు. నీకేదో పని పడింది. సుల్తాన్ను తోలుకొని ఊరికే వచ్చేస్తావా?"

"ఊరికే ఎట్లొస్తా? మర్యాదుండొద్దా?" ఫకీర్ సాబు చర్రుమన్నాడు. జట్కా స్టాండు సంగతి వచ్చేసరికి ఆయనకు మాట పెగిలింది. "వంతులో ఉన్నోడు పోవల్లంటే పదిమంది ముందర చెర్నాకోల ఇంకొకడి చేతిలో పెట్టల్ల. పలానా వాళ్ళొస్తారు, పలానా చోట దింపల్లని చెప్పల్ల. చెర్నాకోల పట్టినోడిదే వంతు. ఎనక నిలబడినోడు నాది అనేదానికి ల్యా. మా తాత కాలం నుంచి అంతే."

"చెప్పకుండా పోతే?"

"మళ్ళా స్టాండులో వాని మొగం ఎవుడూ చూడడు."

అన్నాక ఫకీర్ సాబుకే తెలిసొచ్చింది తానేం అన్నాడో. కూతురి ముఖం చూశాడు. కూతురు నవ్వుతోంది.

"సోమవారం హిందూపురం వస్తా నాయనా. మాట తప్పను. నాకు రేపు ఒక్క పొద్దు ఇయ్యి. టీసీ చేతికొచ్చేదాకా నేనే లీడర్ని కదా? పొద్దున్నే నన్ను స్టేషన్‌కు తీసకపో."

"స్టేషన్లో నీకేం పని?"

"నా ప్యాసింజర్లు ఆడ దిగుతారు."

* * *

శనివారం కూడా బండి లేటే. కొండ మలుపులో పొగ కనిపించేసరికే ఎండ చురుక్కుమంటోంది. బండి ఆగీ ఆగకముందే పిల్లలు దూకేశారు. అందరికంటే ముందు నీలావతి దూకింది. మక్కాజిపల్లి అమ్మాయి, తొమ్మిదో తరగతి, మాట తక్కువ, పరుగు ఎక్కువ. రోజూ చిన్నపిల్లల సంచులన్నీ తన భుజాలకే తగిలించుకుని ఉరికేది.

ప్లాట్‌ఫారం మీద లీడరు బ్యాడ్జీతో నిలబడిన హజరాను చూసి ఆ పిల్ల గతుక్కుమంది.

"నువ్వేందక్కా ఈడ? ఆడ ప్రార్థనకు గంట కొడతారే!"

"కొట్టనీలే. ఈరోజు ఎవరూ ఉరకొద్దు. నడిచే పోదాం."

"నడిచిపోతే గేటు..."

"ఉరికినా గేటు వేసే ఉంటాది కదా. ఆయాసమెందుకు?"

చిన్నపిల్లలు జట్కాలోకి ఎక్కారు. మిగిలినవాళ్ళు వెనక నడిచారు. ఫకీర్ సాబు సుల్తాన్ను అడుగులో అడుగు వేయించాడు. దారిలో బాబయ్య దర్గా వైపు పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఏమప్పా ఫకీర్ సాబూ, ఊరేగింపా?" అని ఎవరో అడిగారు. "కాదప్పా, ప్రార్థనకు పోతాండాం," అన్నాడు ఫకీర్ సాబు.

గేటుకు తాళం పడింది. లోపల బడి మొత్తం వరసల్లో నిలబడి ఉంది. వరండా మీద హెడ్మాస్టరు గడియారం చూసుకుంటున్నాడు. లీడరు కేక వేస్తే గానీ ప్రార్థన మొదలు కాదు. లీడరేమో గేటు బయట ఉంది.

అంజనప్ప గాభరాగా వచ్చాడు. "నీవు లోపలికి రా తల్లీ. లీడరు కదా, నీకు తాళం తీస్తా. వీళ్ళు ఆగుతారులే."

"వద్దు మామా."

"వద్దంటే ఎట్ల? అందరూ నిలబడుకోనుండారు!"

"స్కూలు అటెన్షన్ అని కదా నేను అనల్ల? స్కూలు సగం ఈడుండాది. సగం స్కూలుకు ఎట్ల చెప్పల్ల?"

ఆ మాట మోసుకుని అంజనప్ప వరండా దాకా పోయాడు. హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. ఆయన చెడ్డవాడేం కాదు. రూలు పుస్తకంలో ఉన్నది తప్ప లోకంలో ఇంకేమీ లేదనుకునే మనిషి, అంతే. గేటు దాకా రావడం ఆయన హోదాకు తక్కువనిపించి అక్కడినుంచే, "లింగప్పా! నువ్వు చెప్పు," అన్నాడు.

లింగప్ప మెట్లెక్కాడు. పాపం, వాడికి ఆ ఏడే గొంతు మారుతోంది. "స్కూల్... అటెన్షన్!" అన్నాడు. సగం మాట లావుగా, సగం మాట కీచుగా వచ్చింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్క కాలూ కదల్లేదు. వెనక వరసల్లో తలలు మాత్రం గేటు వైపు తిరిగాయి.

అప్పుడు వినపడింది బయటినుంచి.

"స్కూల్! అటెన్షన్!"

ఫట్‌మని ఒకే చప్పుడు. గేటుకు లోపల, గేటుకు బయట, అందరి కాళ్ళూ ఒకేసారి దగ్గరికి చేరాయి. ఎన్నేళ్ళ అలవాటో ఏమో, హెడ్మాస్టరు కాళ్ళు కూడా దగ్గరికి చేరాయి.

బయట నీలావతి ప్రార్థన ఎత్తుకుంది. మాట రాని పిల్ల అనుకున్నారందరూ, ఎంత గొంతమ్మా అది! లోపలివాళ్ళు అందుకున్నారు. కొండకు తగిలి పాట తిరిగి వచ్చింది. ప్రార్థన జరిగేటప్పుడు ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. అది హెడ్మాస్టరు పెట్టిన రూలే. ఆయన వేలెత్తి ఏదో అనబోయి అలాగే ఆగిపోయాడు. అంజనప్ప తాళంచెవి పట్టుకుని మధ్య దారిలో నిలబడిపోయాడు. జట్కా మీద ఫకీర్ సాబు తలపాగా సర్దుకుని లేచి నిలబడ్డాడు. ఆ బళ్ళో ప్రార్థన ఏనాడూ అంత నిండుగా వినపడలేదు.

పాట అయిపోయింది. హెడ్మాస్టరు ఎత్తిన వేలు నెమ్మదిగా దించాడు.

"గేటు తియ్యి అంజనప్పా."

పిల్లలు పరుగెత్తలేదు. వరసగా లోపలికి నడిచారు. చిన్నపిల్లలు తమ తరగతుల వరసల్లో తమ చోట్లకు పోయి నిలబడ్డారు. ఆ చోట్లు వాళ్ళ కోసమే ఖాళీగా ఉన్నట్టు హెడ్మాస్టరుకు బహుశా అప్పుడే కనిపించింది.

"హజరాబీ, ఇలా రా. ఇదేం పద్ధతి?"

"తప్పయితే కొట్టండి సార్. కానీ లేటయింది బండి సార్, వీళ్ళు కాదు. బండి రాకముందు గేటు మూయొద్దు సార్. అంతే అడుగుతాండా."

"అంతేనా? మధ్యాహ్నం నీ టీసీ మీద నేనే సంతకం పెట్టాలి. నువ్వు పోతావు. సోమవారంనుంచి ఈ పిల్లల పూచీ ఎవరిది?"

ఈ మెట్ల మీద నిలబడడం ఇదే చివరిసారి అని హజరాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది. బ్యాడ్జీ విప్పింది.

"మా నాయనోళ్ళ స్టాండులో ఒక పద్ధతుండాది సార్. వంతులో ఉండేవాడు పోవల్లంటే పదిమంది ముందర చెర్నాకోల ఇంకొకరి చేతికిచ్చి పోవల్ల. ఎనక నిలబడినవానికి అది రాదు. నేను అట్లనే పోతా సార్. నీలావతీ, రా."

నీలావతి వచ్చింది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతూనే వచ్చింది. హజరా ఆ పిల్ల ఓణీకి బ్యాడ్జీ గుచ్చింది.

"రూలు ప్రకారం లింగప్ప కావాలి," అన్నాడు హెడ్మాస్టరు. గొంతులో పట్టు మాత్రం మునుపటంత లేదు.

"రూలు అడగండి సార్. వీళ్ళనూ ఒకసారి అడగండి."

ఆయన అడగనే లేదు. ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత వరస వరసంతా లేచింది. ఆరో తరగతి బుడతలు రెండు చేతులూ ఎత్తారు. గేటు దగ్గర అంజనప్ప తాళంచెవి ఉన్న చెయ్యి ఎత్తి, హెడ్మాస్టరు చూస్తున్నాడని గబుక్కున దించేశాడు. గేటు బయట ఫకీర్ సాబు చెర్నాకోల ఆకాశానికెత్తాడు.

లింగప్ప చెయ్యి ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? కానీ మెట్లు దిగి, నీలావతి నిలబడడానికి చోటిచ్చాడు.

హెడ్మాస్టరు ఎత్తిన చేతులన్నీ చూసి దగ్గి, "సరే. దించండి," అన్నాడు. "అంజనప్పా, ప్యాసింజరు వచ్చేదాకా గేటు తెరిచే ఉంచు."

ఆ కేకలు, ఆ ఈలలు! కోట గోడల మీద కోతులు బెదిరి పారిపోయాయట. నిజమో కాదో గానీ పెనుకొండలో అలాగే చెప్పుకున్నారు.

* * *

సోమవారం ప్లాట్‌ఫారం మీద ఫకీర్ సాబు తోటి జట్కావాడు ఇస్సాకు చేతిలో చెర్నాకోల పెట్టి, వంతు అప్పజెప్పాడు. షంషాద్‌బీ కూతురి తల నిమిరింది, ఏడవనని ముందే చెప్పి ఏడ్చింది. అవ్వ రొట్టెల మూట ఇచ్చి, "ఆడ కూడా జీతమియ్యరా?" అని అడిగింది.

బండి వచ్చింది. లేటే. రైలుపిల్లలు దిగారు, హజరా ఎక్కింది. నీలావతి ప్లాట్‌ఫారం మీద నిలబడి, "స్కూల్, అటెన్షన్!" అని కేక వేసింది. పిల్లలందరూ సెల్యూట్ కొట్టారు. హజరా కిటికీ కమ్మి పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

హిందూపురం స్టేషన్లో దిగి, తండ్రీకూతుళ్ళు ట్రంకుపెట్టె చెరో పక్కా పట్టుకుని చింతపండు మండీల వీధి గుండా ఇంచుమించు పరుగెత్తారు. పెద్ద స్కూలు. పెద్ద గోడ. మనిషి కంటే ఎత్తు ఇనుప గేటు.

గేటుకు తాళం వేసి ఉంది.

గేటు ముందు ఎండలో కొందరు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. చంకల్లో సంచులు, కాళ్ళకు దుమ్ము. అదే బండి దిగి వీళ్ళకంటే ముందు ఉరికి వచ్చినవాళ్ళు.

ఫకీర్ సాబు ట్రంకుపెట్టె దించి గేటు కడ్డీలు పట్టుకున్నాడు. "అమ్మా, మా పాప కొత్తగా చేరల్ల. ఈపొద్దే చేరల్ల. కమలాక్షి టీచర్ను పిలువు తల్లీ."

లోపల స్టూలు మీద కూర్చున్న ఆయా మారక్క లేవలేదు. "గంట కొట్టేసినారప్పా. ఇంగ ఎవుర్నీ ఇడిసేదిల్ల. రేపు రా పో."

"రేపటికి సీటుండదమ్మా!"

"దానికి నేనేమి చేసేది? రూలు."

ఫకీర్ సాబు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయిపాయె పాపా. అదీ పాయె, ఇదీ పాయె. నావల్లనే."

హజరా ఆయన వైపు చూడలేదు. పక్కనున్న పిల్లను అడుగుతోంది.

"మీది ఏ ఊరు?"

"మలుగూరు. వాళ్ళు చాకర్లపల్లి."

"రోజూ ఇంతేనా?"

"బండి లేటయితే ఇంతేనక్కా."

కడ్డీల సందునుంచి చూసింది హజరా. లోపల పెద్ద మైదానం. నీలం ఓణీల వరసలు. వరండా మీద టీచర్లు, వాళ్ళలో కమలాక్షి టీచరు వీధి వైపే చూస్తోంది. ప్రార్థన ఇంకా మొదలు కాలేదు. ఆ బడి లీడరు కాబోలు, ఒక పొడుగాటి అమ్మాయి మెట్లెక్కుతోంది.

హజరా చెప్పులు విడిచింది. ఓణీ కొంగు నడుముకు దోపుకుంది. ట్రంకుపెట్టె మీదికి ఎక్కింది.

"పాపా, వద్దు పాపా. ఈడ నీవు లీడరు కాదు. ఈడ నిన్నెవరూ ఎరగరు."

హజరా గుండెల నిండా గాలి పీల్చుకుంది. గేటు బయటున్న పిల్లలందరూ ఏం జరుగుతుందోనని ఆమె వైపు తలలెత్తారు.

ఫకీర్ సాబు నెత్తి మీది చెయ్యి తీశాడు. రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి, చేతులు కిందికి వదిలి, అందరికంటే ముందుగా నిటారుగా నిలబడ్డాడు.